మనిషికి అరవై కిలోలు

తూనీగ. దిగిన బరువు 1,045 కిలోలు.

ఈ డెక్ మీద ఏది దిగినా ముందు దాని బరువు రాయాలి, తర్వాతే మిగతా సంగతులు. అది పై ఆఫీసు పెట్టిన నియమం. ఆ మిగతా సంగతులు అక్కడ ఎవరూ చదవరని నాకు తెలుసు కాబట్టి నా నోటికొచ్చింది రాస్తాను. చదివితే చదవనీ, ఒకరిద్దరికైనా ఒళ్ళు మండాలి.

ఇవాళ ఫిరోజ్ తూనీగ నడుపుకుంటూ వచ్చి రెండు మందుల పెట్టెలు, ఒక ఉత్తరాల సంచి దించిపోయాడు. తూనీగ అంటే ఉన్న హెలికాప్టర్లలో చిన్నది. ఖాళీగా ఉంటే ఏడు వందల కిలోలు కూడా తూగదు. పైలటూ ఆయిలూ సరుకూ కలిపినా టన్ను చిల్లర. దాని తర్వాతది కొంగ, ఖాళీగా మూడు టన్నులు, నిండితే ఐదు. ఆ పైన ఏనుగు, ఖాళీగానే ఏడు టన్నులు, కడుపు నిండితే పదమూడు. రెండు రెక్కల జంట ఒకటుంది, అది ఖాళీగా పదకొండు, నిండుగా ఇరవై రెండు. అన్నిటికన్నా పెద్దది ఖాళీగానే ఇరవై ఎనిమిదట. దాన్ని మేం చూడలేదు, చూడబోం. మా ఊళ్ళో పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా ఈ అంకెలు గడగడా అప్పజెబుతారు. ఎక్కాలు రావు గానీ ఇవి వస్తాయి.

మాది తేలే ఊరు. దివిసీమ మునిగిపోయాక పాత పంట్లూ బల్లకట్లూ గొలుసులతో కలిపి కట్టుకుని తెప్పలపాలెం అని పేరు పెట్టుకున్నాం. పడమటి చివర డెక్. అక్కడ హెలికాప్టర్ దిగితే ఆ చివర నీళ్ళలోకి కుంగుతుంది. అంత బరువూ తూర్పు చివర మనుషులు నిలబడి సరిచేయాలి. దీన్ని నిలుపు అంటాం. మనిషికి అరవై కిలోల లెక్క. తూనీగకు పద్దెనిమిది మంది, కొంగకు ఎనభై, ఏనుగుకు రెండు వందలు. ఎంతమంది రావాలో మైకులో కేక వెయ్యడం నా ఉద్యోగం. పొయ్యి మీద పులుసు ఉడుకుతున్నా, చంకలో బిడ్డ పాలు తాగుతున్నా వచ్చి నిలబడాల్సిందే. ఇసుక బస్తాలైతే అటూ ఇటూ మోసుకెళ్ళాలి, మనుషులైతే పిలిస్తే నడిచొస్తారు. పైగా బస్తాలకు వెల కట్టాలి.

కొంగ. దిగిన బరువు 4,810 కిలోలు.

తీర కమిషనర్ గారు మా ఊరు చూడటానికి వస్తారట. ఆ రాకకు ఏర్పాట్లు చూడటానికి ఒక ఇన్‌స్పెక్టర్ ముందుగా కొంగలో దిగాడు.

ఎనభై మందికి కేకేశాను. ఎనభై మందీ నిలబడ్డారు, నా కిటికీలోంచి తలలు లెక్కపెట్టుకున్నాను. అయినా చక్రాలు ఆనగానే డెక్ ఎన్నడూ లేనంతగా కుంగింది. ఊరు ఎంత ఒరిగిందో చూపించే నా బల్ల మీది రసమట్టంలో బుడగ ఎర్ర గీత దాటి పక్కకు పోయింది. ఆయిలు డ్రమ్ము ఒకటి కట్టు తెంపుకుని దొర్లింది. చక్రాలకు గొలుసు వేయడానికి వంగిన మా ఆయన నాంచారయ్య మీదికే వచ్చింది. మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి కనబడింది.

నేను పరుగెత్తేసరికి ఇన్‌స్పెక్టర్ గారు ప్యాంటు రెండు చేతులతో పైకి పట్టుకుని నెత్తుటి మరకలు తప్పించుకుంటూ అంగలేస్తున్నాడు. మా ఆయన అరుస్తూంటే వెనక్కి కూడా తిరగలేదు.

మా ఆయన్ని కింది గదిలో పడుకోబెట్టారు. డెక్ కింద, నీటిమట్టానికి జానెడు పైన ఉండే గదినే మా ఊళ్ళో ఆసుపత్రి అంటారు. వచ్చే పెద్దమనుషుల కంట పడకుండా రోగుల్ని అక్కడ పెడతారు. కొంగ మళ్ళీ లేచిపోయేదాకా ఆ గదిలో పాదాలు తడిసేంత నీళ్ళు నిలిచాయి.

ఏమీ దిగలేదు.

కాలు వాసన వేస్తోంది. కాంపౌండర్ ముక్కుకు గుడ్డ కట్టుకుని కట్టు విప్పి చూశాడు.

"చీము పట్టింది కొండలమ్మా. నా దగ్గరున్న మందుకు లొంగేది కాదు. కొండ మీది ఆసుపత్రికి చేర్చాలి. తొరగా చేరిస్తే కాలు తీసేసైనా మడిసిని దక్కిస్తారు" అన్నాడు.

తూనీగను పిలవాలంటే ప్రెసిడెంట్ శోభనాద్రి గారి అనుమతి కావాలి. వెళ్ళి అడిగాను. ఆయన డెక్ మీద రంగులు వేయిస్తున్నాడు. హెలికాప్టర్ దిగే వలయం చుట్టూ పెద్ద ముగ్గు, మధ్యలో స్వాగతం.

"ఇప్పుడు తూనీగేంటమ్మా? దాని గాలికి ఈ రంగులన్నీ లేసిపోతాయి. ఎంత కట్టపడి ఏయించానో తెలుసా? కమిషనర్ గారొచ్చి ఎళ్ళేదాకా చిన్నా చితకా ఏదీ దిగటానికి లేదు."

"మా ఆయన కాలు కుళ్ళిపోతందండీ."

"నాకు తెలీదా? నాకు మాత్రం బాధ లేదా?" అని గొంతు తగ్గించాడు. "ఆయనొచ్చేది ఏనుగులో కొండలమ్మా! ఏనుగు! ఈ నీళ్ళ మీద ఏ ఊళ్ళోనైనా ఇంతవరకూ ఏనుగు దిగిందా? పక్కూరోళ్ళు కొంగ దిగినందుకే మీసాలు మెలేసుకు తిరుగుతున్నారు. మనకి పన్నెండు టన్నులు దిగబోతంది!"

ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. దిగే దాని బరువు చూసి ఊరి పరువు కొలుచుకునే జనం మేం. పెళ్ళి చూపులకు తూనీగలో వచ్చాడని ఒక సంబంధాన్ని వెనక్కి పంపిన ఊరు మాది. అదే ఊళ్ళో పుట్టినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

కొంగ. దిగిన బరువు 4,820 కిలోలు.

రంగులు లేచిపోతాయన్న ప్రెసిడెంట్ గారు కొంగను మాత్రం దిగనిచ్చారు. అందులో కమిషనర్ గారి పీయే వచ్చాడు. ఐదు టన్నుల గాలికి ముగ్గు చెరగదు కాబోలు.

పీయే కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వెళ్ళేటప్పుడు మా ఆయన్ని ఎక్కించుకుపొమ్మన్నాను.

"వాసన వస్తుందమ్మా. సీట్లు కొత్తవి, మొన్ననే వేయించారు" అన్నాడు. అంటూనే జేబులోంచి అత్తరు సీసా తీసి రాసుకున్నాడు.

తర్వాత కార్యక్రమం వివరించాడు. కమిషనర్ గారు నలభై ఆరు బస్తాల బియ్యం తెచ్చి స్వహస్తాలతో పంచుతారు. తన పేరు చెక్కిన నల్లరాతి శిలాఫలకం తెచ్చి ఇక్కడ నిలబెడతారు. ఇరవై మంది పరివారం, వంటవాళ్ళు, జనరేటరు, సౌండ్ బాక్సులు అన్నీ ఏనుగులోనే వస్తాయి. బియ్యం పేరు వినగానే అక్కడున్నవాళ్ళంతా గుటకలు మింగారు. మా ఊళ్ళో బియ్యం రాక ఆగిపోయి చాలా కాలమైంది. ఎండుచేపలు, నాచు అప్పచ్చులు, అవీ అరకొరగానే.

ముందుగా ఒక ఫొటో కావాలన్నాడు పీయే. కొంగ ముందు లబ్ధిదారులు నిలబడి చేతులు జోడించాలట. తూర్పు చివర నిలుపులో ఉన్నవాళ్ళలోంచి నలభై మందిని ఏరి డెక్ మీదికి నడిపించాడు. వద్దు, ఊరు ఒరుగుతుంది అని మైకులో గొంతు చించుకున్నాను. ఒక్క నిమిషమేనమ్మా అని చెయ్యి ఊపాడు. కింద మా ఆయన మంచం కోళ్ళ దాకా నీళ్ళెక్కాయి.

అప్పుడు నా గదిలోని అంకె మారింది. డెక్ కింద నాలుగు తూకపు పలకలుంటాయి, వాటి మీద ఉన్న బరువంతా నాకు కనబడుతుంది. 4,820 ఉన్నది 6,540 అయింది. నలభై మంది ఎక్కితే పెరిగింది 1,720 కిలోలు. అరవై లెక్కన 2,400 పెరగాలి.

పలక చెడిందేమో అనుకున్నాను. వాళ్ళు దిగిపోగానే మళ్ళీ 4,820 చూపించింది. భాగించి చూసుకున్నాను. మనిషికి నలభై మూడు.

అరవై అనేది ఊరు కట్టిన కొత్తలో, బియ్యం తిన్న రోజుల్లో పెట్టిన లెక్క. అప్పటినుంచీ మమ్మల్ని ఎవరూ తూచలేదు. మా వాళ్ళలో మనిషిని తూకం వెయ్యరు, ఆయుష్షు కరిగిపోతుందంటారు. పుట్టిన బిడ్డను కూడా చేత్తో ఎత్తి చూసి బాగానే ఉంది అంటారు, అంతే. చుక్కల్లో తిరిగే హెలికాప్టర్ల బరువు కిలోతో సహా తెలుసు. మా బరువు మాకు తెలియదు. అందుకే డెక్ కుంగుతోంది. అందుకే ఆ డ్రమ్ము దొర్లింది.

ఏమీ దిగలేదు.

ఊరంతా నీళ్ళ ట్యాంకు దగ్గర ఉన్నప్పుడు చెప్పేశాను. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ నిలబడినా రెండు వందల ఇరవై ఎనిమిది మంది. మనిషికి నలభై మూడు వేసుకుంటే పది టన్నులు కూడా రాదు. ఏనుగు పన్నెండు టన్నులతో దిగితే కింది గది పూర్తిగా మునుగుతుంది, మా ఆయన మంచం మీదే పోతాడు అన్నాను.

వాళ్ళు భయపడతారనుకున్నాను. అవమానపడ్డారు.

"మమ్మల్ని తూకమేశావా? ఉప్పు బస్తాల్లాగా?" అని పేరంటాలవ్వ నా ముందు నేల మీద ఉమ్మేసింది. ఊళ్ళో అందరికీ పురుళ్ళు పోసిన మనిషి, నన్నూ పట్టిన చెయ్యి ఆమెది. "మడిసిని తూచకూడదని నీ అమ్మ నీకు చెప్పలేదటే? ఎవరి ఆయుష్షు ఎంత కరిగిందో, నీకేం పోయింది!"

"నలభై మూడంట! నన్ను చూసి చెప్పు, నేను నలభై మూడా?" అని వలలు అల్లే సోమేశు చొక్కా విప్పి ఛాతీ పొంగించాడు. పక్కటెముకలు వరుసగా లేచి నిలబడ్డాయి. అది చూసి కూడా జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ప్రెసిడెంట్ గారు నన్ను పక్కకు పిలిచాడు. "ఏనుగు రావద్దని పై ఆఫీసుకి చెప్పమంటావా? ఎందుకని అడిగితే ఏం చెప్పాలి, మా జనం తిండి లేక చిక్కిపోయారనా? నా హయాంలోనా? నీకు దణ్ణం పెడతా, ఆ అంకె ఇంకెక్కడా అనబాక."

"పోనీ మా ఆయన్నన్నా పైకి చేర్చండి."

"పై గదులన్నిటికీ సున్నం కొట్టించామమ్మా అతిథుల కోసం. ఆ కాలు వాసనతో ఎట్టా? కమిషనర్ గారు ఎళ్ళిపోగానే నేనే దగ్గరుండి చేర్పిస్తా."

మోయడానికి నలుగురు కావాలి. ఇల్లిల్లూ తిరిగాను. ఎండుచేపలు కొలిచి ఇచ్చేది ప్రెసిడెంట్ గారే కాబట్టి నలుగురు కాదు కదా ఒక్కడు కూడా లేవలేదు. సోమేశు తలుపు చాటునుంచి, ఇంట్లో లేనని చెప్పించాడు. ఛీ.

ఏనుగు. దిగలేదు. బరువు 12,100 కిలోలని పైలట్ చెప్పాడు.

కమిషనర్ గారి గొంతు ఊరంతా వినాలని ప్రెసిడెంట్ గారు నా రేడియోను వీధి మైకులకు కలిపించాడు. తూర్పు చివర రెండు వందల ఇరవై ఎనిమిది మంది ఉతికిన బట్టలు కట్టుకుని, పూల దండలు పట్టుకుని నిలబడ్డారు. ఏనుగు ఆకాశంలో చుక్కలా మొదలై డెక్ ఎదురుగా వచ్చి ఆగింది. నిజమే చెప్పాలి, అంత పెద్ద వస్తువు గాలిలో నిలవడం చూసి నాక్కూడా ఒళ్ళు జలదరించింది.

"తెప్పలపాలెం డెక్. మా బరువు పన్నెండు వేల వంద. దిగవచ్చా?" అని పైలట్ అడిగాడు. ఈ ప్రశ్నకు డెక్ మనిషి జవాబు చెబితేనే దిగాలి. మా ఆయన కింద జ్వరంలో మూలుగుతున్నాడు.

"దిగొద్దు. నిలుపు తొమ్మిది వేల ఎనిమిది వందలే ఉంది" అన్నాను.

నా మాట వీధి మైకుల్లో మోగింది. ప్రెసిడెంట్ గారు గదిలోకి దూసుకొచ్చి మైకు లాక్కున్నాడు. "తప్పండీ, తప్పు! రెండొందల ఇరవై ఎనిమిది మంది ఉన్నారండీ, మనిషికి అరవై! పదమూడు టన్నులకి పైమాటే! దయచెయ్యండి!"

నేను మళ్ళీ లాక్కున్నాను. "మనిషికి నలభై మూడు. నేను తూచాను. మా వాళ్ళకి తిండి లేదు. కింది గదిలో నా మొగుడు కదల్లేకుండా ఉన్నాడు, మీరు దిగితే ఆయన మునిగిపోతాడు."

ఊరంతా విన్నది. పైలట్ గొంతు మెత్తగా వచ్చింది. "రెండు వేల మూడు వందలు తగ్గించుకుంటే దిగవచ్చా అమ్మా?"

"దిగవచ్చు" అన్నాను. శిలాఫలకమో, జనరేటరో, పరివారమో పక్కనున్న ఇసుక తిన్నె మీద దించేసి వస్తారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

ఏనుగులో రేడియో ఆపడం ఎవరో మర్చిపోయారు. పైలట్ వెనకనుంచి ఒక గొంతు హాయిగా వినిపించింది. "రాయి ముట్టుకోవద్దు, దాని మీద నా పేరుంది. కెమెరా వాళ్ళు ఉండాలి. ఆ బస్తాలు తోసెయ్యండి. మళ్ళీసారి పంపుదాం."

ఏనుగు వెనక తలుపు తెరుచుకుంది. మొదటి బస్తా పడమటి నీళ్ళలో పడి పగిలింది. తర్వాత రెండోది, మూడోది. నీళ్ళ మీద తెల్లగా పరుచుకుంది. బియ్యం. ఎవరో ఆడమనిషి పెట్టిన కేక నా గది దాకా వినిపించింది.

జనం కట్టు తెంచుకున్నారు. దండలు పారేసి పడమటి వైపు పరుగెత్తారు. సోమేశు అందరికన్నా ముందు. వాళ్ళ తప్పేముంది? కానీ ఊరు మొత్తం ఒక్కసారి పడమటికి ఒరిగింది. రసమట్టంలో బుడగ కనబడకుండా పోయింది. నీళ్ళు కింది గది తలుపు తోసుకుని లోపలికి పోవడం నేను కిటికీలోంచి చూశాను.

నోటికి ఏమొచ్చిందో నాకే తెలియదు. "ఒరే, వెనక్కి పోండిరా! నాంచారయ్య మునిగిపోతన్నాడు! మీ కాళ్ళకి మొక్కుతా, వెనక్కి పోండి!"

సోమేశు చెయ్యి చాపి ఒక బస్తా చెవి పట్టుకున్నాడు. అది ఇంకా పగలలేదు. వాడి వెనకే వాడి పిల్లలు ముగ్గురూ ఉన్నారు. వాడు నా కిటికీ వైపు చూశాడు. నోరారా ఒక బూతు తిట్టాడు, నన్నో, పైనున్న వాణ్ణో, దేవుణ్ణో. బస్తా వదిలేశాడు. పిల్లల్ని రెక్క పట్టుకుని తూర్పు వైపు లాక్కెళ్ళాడు. వాడి వెనక ఒకరు, ఇంకొకరు. తెడ్లు, గంపలు, చేతిలో ఏదుంటే అది జారవిడిచి అందరూ వెనక్కి నడిచారు. తూర్పు చివర నిలబడి, కళ్ళ ముందే కొట్టుకుపోతున్న బియ్యాన్ని చూస్తూ ఏడుస్తూ, తిడుతూ, కదలకుండా నిలబడ్డారు. ఇన్నేళ్ళలో అలాంటి నిలుపు నేనెప్పుడూ చూడలేదు. ఊరు మెల్లగా సరిగా నిలిచింది.

కింది గదిలో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, దిగొద్దని ఎర్ర జెండా ఎగరేశాను. దిగమని అరుస్తున్న ఆ గొంతు రేడియోలో ఇంకా వినిపిస్తూనే ఉంది. పైలట్ మాత్రం "ఎర్ర జెండా చూశాను, వెళ్ళిపోతున్నాను" అని ఏనుగును తిప్పేశాడు. శిలాఫలకం భద్రంగా వెనక్కి పోయింది.

తూనీగ. వచ్చిన బరువు 960 కిలోలు.

ఇది డెక్ మీద రాయడం లేదు. కొండ మీది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఏనుగు వెళ్ళగానే సోమేశు, మరో ముగ్గురు ఎవర్నీ అడగకుండా కింది గదిలోకి దిగారు. నడుము లోతు నీళ్ళలో మంచం తేలుతోంది. మా ఆయన మంచం పట్టె పట్టుకుని గడ్డం పైకెత్తుకుని ఉన్నాడు. మంచంతో సహా పైకి తెచ్చి డెక్ మీద, ముగ్గు మధ్యలో, స్వాగతం మీద పెట్టారు. ప్రెసిడెంట్ గారు షామియానా కింద అతిథి సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు. అనుమతి ఎవర్నీ అడగకుండా ఫిరోజ్‌కు నేనే రేడియోలో చెప్పాను.

"వస్తున్నా అక్కా. ఒక్కరినే తీసుకెళ్ళగలను. మందుల సామాను ఉంది, ఎనభై ఐదు కిలోలకే చోటు. పేషెంటు బరువెంతో చెప్పు, ఆయిలు లెక్క చూసుకోవాలి."

అరవై అని నోటి చివరిదాకా వచ్చింది. ఊరందరి బరువూ తెలుసుకుని ఊరేగిన నాకు, ఇంట్లో నా మొగుడి బరువు తెలియదు.

మంచం తూకపు పలకల మీదే ఉంది. పేరంటాలవ్వ పక్కనే నిలబడి ఉంది. ఆమె వైపు చూశాను.

"ఎయ్యవే తూకం" అంది అవ్వ. "ఇంకా కరగటానికి ఆడి దగ్గరేం మిగిలింది గనక."

నలుగురూ ఆయన్ని ఎత్తి పట్టుకుని పక్కకు జరిగారు. ఖాళీ మంచం బరువు చూసుకున్నాను. మళ్ళీ పడుకోబెట్టి వాళ్ళు దూరంగా నిలబడ్డారు.

"నన్ను ఎండుచేపలాగా తూస్తన్నారేంట్రా" అని గొణిగాడు ఆయన.

రేడియోలో చెప్పాను. "నలభై."

"పిల్లాడిది కాదక్కా, బావగారిది చెప్పు."

"ఆయనదే తమ్ముడూ. కాలికి కట్టిన బద్దలతో కలిపి."

"నీ బరువెంత అక్కా?" అన్నాడు ఫిరోజ్.

గదిలోంచి బయటికొచ్చి పలక మీద నిలబడ్డాను. జనం చూస్తూ ఉన్నారు. సోమేశు నా కిటికీలోంచి అంకె చూసి, మంచమూ ఆయనా పోగా మిగిలింది గట్టిగా చదివాడు. నలభై నాలుగు.

"అయితే ఇద్దరూ ఎక్కండి" అన్నాడు ఫిరోజ్. "నా లెక్కలో మీరిద్దరూ కలిపి ఒక మనిషి."

ఎక్కాం.